డ్రైవర్ల ఒక పేరు, పుస్తకంల ఒక పేరు

నేరేడుచర్ల సెంటర్ల కట్టిన ఒక సంతాపం ఫ్లెక్సీ కిందనే నిలవడి షేర్ ఆటో కోసం చూసిన. పైకి గూడ ఒకసారి చూసిన. ఫొటోల మీసాలున్న పడుచు పిలగాడు, కింద ఎవరిదో పొడుగు పేరు. అయ్యో, ఎవరి బిడ్డనో పాపం అనుకొని ఆటో ఎక్కి కూసున్న. కొన్నొద్దులకు కోదాడల విత్తనాల ప్లాంటు నడిపే ఒకమ్మ ఫోన్ చేసి, "మీ సారు పోయారటగదమ్మా, నాకొక్క మాట చెప్పలేదేం?" అన్నది. నేను దండం గూడ పెట్టకుండ వచ్చిన ఆ ఫ్లెక్సీ మా సారుదే అని గప్పుడు తెలిసింది.

నా తప్పేమున్నది? ఫ్లెక్సీ మీద వేసింది బడిల చేర్పించిన్నాడు పంతులు రాసుకున్న పేరు. బ్యాంకోళ్లు తప్ప ఆ పేరుతోని ఆయనను పిలిచినోళ్లు భూమ్మీద లేరు. ఇంట్ల పిలిచే పేరు వేరు, మిర్యాలగూడ మిల్లులోళ్లందరికి తెలిసింది ఆ పేరే. ఫొటో ఏమో పాలిటెక్నిక్‌ల చేరిన నాటిది. నేనెరిగిన సారుకు మీసం లేదు, నెత్తి మీద ఎంటికలు గూడ ఉన్నయంటె ఉన్నయి. అదే బతికుంటె నిచ్చెన తెప్పించి పైకెక్కి, జేబులకెల్లి స్టిక్కరు తీసి, ఆ పేరు మీద అసలు పేరు అంటించి, ఫొటో పక్కన "ఇది పాతది" అని రాసి గాని దిగేటోడు కాదు.

గందుకే ఈడ నేను ఏ పేరూ రాయను. ఒకటి రాస్తె రెండోది ఎందుకు రాయలేదని కలలకొచ్చి అడుగుతడు.

మాది మిర్యాలగూడల ఒక రేకుల షెడ్డు. వడ్లు ఆరబెట్టే డ్రయ్యర్లు ఉంటయి గద, వాటికి కంట్రోల్ బోర్డులు చేసేది మా కంపెనీ. ఇడిసి కొన్నేండ్లాయె గాని, అప్పట్ల నేను సూర్యాపేట నుంచి రోజు బస్సుల వచ్చి, తయారైన బోర్డులు టెస్టు చేసి డబ్బాలకెత్తేదాన్ని. ఆ బోర్డు లోపల నడిచే డ్రైవర్లు రాసేది సారు. డ్రైవర్ అంటె ఒక ప్రోగ్రాము. మనం సెట్టింగుల ఫైల్ల ఇంత వేడి, ఇంతసేపు గాలి అని రాస్తం. డ్రైవర్ అది చదివి మంటను, ఫ్యానును గట్లనే నడిపిస్తది. వాళ్లమ్మ మాత్రం అడిగినోళ్లందరికి "మావోడు డ్రైవర్లకు చదువు చెప్తడు" అని చెప్పుకునేది. సారు కూసోబెట్టి దిద్దిండు. అంతా ఇని, "అదే గదరా నేను గూడ అనేది" అన్నది ముసలామె. లోకంల సారు దిద్దకుండ ఇడిసిపెట్టింది ఆమెనొక్కదాన్నే.

ఇగ తక్కినోళ్లను ఇడిసేదే లేదు. బస్టాండు ముంగట సాయంత్రం పూట మేం టిఫిన్ చేసే హోటల్ల నల్లబోర్డు మీద పెసరట్టు అని ఉండేది. లోపల పెసరట్టు ఎన్నడు లేదు. ఉప్మా రోజు ఉండేది, అది బోర్డు మీద లేదు. ఒకనాడు సారు అడిగిండు.

"పెసరట్టు ఉన్నదా?"

"ఐపోయింది సారూ."

"నిన్న?"

"నిన్న గూడ జర..."

"ఎన్నడన్న పోసినవా?"

హోటలాయన నవ్విండు. సారు నవ్వలేదు. సుద్దముక్క అడిగి తీస్కొని, పెసరట్టు చెరిపి ఉప్మా అని రాసిండు.

"రేపటి నుంచి పోద్దామనే ఉన్నది సారూ!"

"పోసిననాడు రాయి. పలకనిదానికి పేరెందుకు?"

హోటలాయనకు కోపమొచ్చి, సారుకు అంతకంటె ఎక్కువ కోపమొచ్చి, ఆ లొల్లిల నా సూర్యాపేట బస్సు ఎల్లిపోయింది. ఇసుంటి బస్సులు ఎన్ని పోయినయో నాకు.

'పలుకుడు' అనేది సారు ఊతపదం. ఏ వస్తువు చేతికిచ్చినా "ఇది దేనికి పలుకుతది?" అని అడుగుడే. వాళ్లది నేరేడుచర్ల దిక్కు గొర్లు కాసే ఇల్లు. ఇన్సూరెన్సోళ్లు వచ్చి గొర్ల చెవులకు నెంబరు బిళ్లలు కొట్టి పోయిన్రట. "బిళ్ల మీద నెంబరు ఉంటది చెల్లె, నెంబరుతోని పిలువు, తిరిగి సూస్తదా? మా నాయిన సుక్కదానా అంటె మందల నడుమల కెల్లి ఉరికొస్తది. కాయితంల ఏమున్నదని గాదు, దేనికి పలుకుతదో అది అసలు పేరు." గిట్ల చెప్పేటోడు. చెప్పిందే చెప్పేటోడు. మేము ముందుగాలనే "సుక్కదానా" అని అందిస్తె, "ఆఁ, ఎర్కనే గద మీకు" అనుకుంట మళ్ల మొదటికెల్లి చెప్పేటోడు.

ఏ సామాను కొన్నా ముందుగాల దాని పుస్తకం చదవాలె. వాళ్లింట్ల కొత్త మిక్సీ తెస్తె పుస్తకం పూర్తయ్యేదాక చట్నీ లేదట. నేను పోయిన్నాడు వాళ్లింటామె మొత్తుకున్నది. "లగ్గం నాడు మా అత్త ఈయనతోని ఒక పుస్తకమన్న ఇయ్యకపాయె, ఏ మీట నొక్కితె ఏమైతదో తెలుస్తుండె."

"ఇచ్చినా లాభం లేదు," అన్నడు సారు మిక్సీ పుస్తకంల కెల్లి తలెత్తకుండ. "పుస్తకంల రాసినట్టు ఎవరుంటరు?"

అసలు లొల్లి మా కంపెనీ పుస్తకంతోనే మొదలైంది. మా ఓనరు మంచి మనిషే, కాకపోతె పైకి మంచిగ కనపడాలె ఏదైనా. హైదరాబాద్‌ల ఒకాయనతోని మా బోర్డుకు పుస్తకం రాయించి రంగుల అచ్చేయించిండు. ఆ రాసినాయన బోర్డును చూడలేదు, డ్రైవర్‌ను అసలే చూడలేదు. ఏ పేరు మంచిగ అనిపిస్తె ఆ పేరు పెట్టిండు. వేడి ఎంత దాటొద్దో చెప్పే సెట్టింగుకు సారు డ్రైవర్ల "కటాఫ్" అని పెట్టుకున్నడు. పుస్తకంల "మాక్స్ హీట్" అని వచ్చింది. సారు మొదటి రోజే పట్టిండు. పట్టి, పుస్తకాన్ని ఎలుక తోక పట్టుకున్నట్టు రెండు వేళ్లతోని పట్టుకొని ఓనరు గదిలకు పోయిండు.

"ఐతే ఏందట సారూ?" అని నేను అడిగిన ఆయన బయటికొచ్చినంక. "మాక్స్ హీట్ అని రాస్తె మిషన్ ఒప్పుకోదా?"

"ఒప్పుకోకుంటె మంచిగుండు గద చెల్లె! అది ఒప్పుకోదు, ఒప్పుకోనని చెప్పది. ఊకుంటది. నేను లోపల ఒక వేడి రాసిపెట్టిన, దాంతోని నడుస్తది. అది బియ్యం పట్టే వడ్లకు పెట్టిన వేడి. బోర్డు మీది చిన్న తెరల మాత్రం వాళ్లు ఫైల్ల రాసిన అంకెనే కనపడుతది. ఎవనికి అనుమానం రాదు."

ఓనరు మాట ఒకటే. పుస్తకం అచ్చయిపోయింది, డ్రైవర్ల పేరు మార్చు, నిమిషం పని. సారు మాట గూడ ఒకటే. నిమిషం పనే, మరి మిల్లుల్ల ఉన్న మిషన్లు? మా దిక్కు మిల్లులోళ్లకు ఒక అలవాటున్నది. నారు తక్కువ పడ్డోడు పక్క రైతును అడిగి నారు తెచ్చుకున్నట్టు, ఏ మిల్లుల డ్రయ్యర్ మంచిగ నడుస్తుందంటె ఆ మిల్లు సెట్టింగుల ఫైలు పెన్‌డ్రైవ్‌ల తెచ్చుకొని తమ మిషన్‌కు ఎక్కించుకుంటరు. హాలియాల సారు చేత్తోని పెట్టిచ్చిన ఫైలు నేరేడుచర్ల దాక పాకింది. ఎవరి కాడ ఏ ఫైలున్నదో దేవునికే ఎరుక. అన్నిట్ల కటాఫే. డ్రైవర్ల పేరు మారిస్తె అవన్నీ ఒక్కసారి పలకకుండ పోతయి.

"సరేనయ్యా, ఎవరికన్న ఇబ్బందయితె ఫోన్ చేస్తరు, గప్పుడు చెప్దాం," అన్నడు ఓనరు.

"ఫోనెందుకు చేస్తరు? మిషన్ నడుస్తనే ఉంటది గద!"

నేనొక ఉపాయం చెప్పిన. "రెండు పేర్లకు పలికేటట్టు రాయరాదు సారూ? పీడ పోతది."

సారు నా దిక్కు పుల్లటి పెరుగు తిన్నట్టు చూసిండు. "ఒక గొర్రెకు రెండు పేర్లా? ఇయ్యాల రెండంటె రేపు మూడంటరు. నావల్ల గాదు."

"మీకున్నయి గద రెండు?"

"గందుకే చెప్తున్న!"

అగో, గంత మొండి. ఇగ ఓనరు పుస్తకం మార్చడు, సారు డ్రైవర్ మార్చడు. నడుమల నేను. సారు తెల్ల స్టిక్కర్ల మీద 'కటాఫ్' అని కొట్టించుకొచ్చిండు. బయటికి పోయే ప్రతి పుస్తకంల మాక్స్ హీట్ మీద అది అంటించుడు మా పని. వంకర అంటిస్తె పీకి మళ్ల అంటించాలె. "మంత్రసానితనం ఒప్పుకున్నంక ఏదొచ్చినా పట్టాలె చెల్లె," అని నన్ను ఓదార్చేటోడు. ఒప్పుకున్నదెవరో మాత్రం చెప్పేటోడు కాదు.

అన్ని అంటించినం. ఓనరు కారు డిక్కీల స్టిక్కర్లు లేని పుస్తకాల కట్ట ఒకటి ఉన్నదని మాకు తెల్వదు. ఆయన కోదాడ పోయిన్నాడు అండ్లకెల్లి ఒకటి తీసి విత్తనాల ప్లాంటు అమ్మకు ఇచ్చి వచ్చిండు. మా డ్రయ్యర్ ఆమె అంతకు కొన్నొద్దుల ముందే పెట్టిచ్చుకున్నది. చుట్టుపక్కల రైతులు విత్తనం వడ్లు పండించి ఆమె కాడికి తెస్తరు. ఆమె ఆరబెట్టి, చెరిగిచ్చి, సంచులకెత్తి ఇస్తది. మళ్ల వచ్చే పంటకు ఏసేది అవే.

వానకాలం కోతలప్పుడు, మబ్బు పట్టిన రోజు, ఆమె కాడికెల్లి ఫోనొచ్చింది. సంతోషంగనే మాట్లాడింది. "ఏవండీ, విత్తనం వడ్లకి వేడి తగ్గించుకోవాలి అన్నారుగా, మీరు రానక్కర్లేదు. పుస్తకం చూసి నేనే పెట్టేసుకున్నాను. నిన్నటి నుంచి చక్కగా నడుస్తోంది."

సారు బుక్క నోట్లె పెట్టుకోబోయి ఆపిండు. "ఏ పేరు కింద పెట్టిన్రమ్మా?"

"మాక్స్ హీట్ అని ఉందిగా."

సారు వెంటనే మిషన్ బంద్ చెయ్యండి అన్నడు. ఆమె చెయ్యనన్నది. తడి వడ్లు కుప్పలుగున్నయి, పైన మబ్బులున్నయి, తెరల తను పెట్టిన అంకె చక్కగ కనపడుతుంది, ఎందుకు ఆపాలె? విత్తనం వడ్లకు వేడెక్కువైతె పైకి ఏం తెలవది. గింజ నిగనిగలాడుతనే ఉంటది. లోపల పానం పోతది, అంతే. బియ్యం పట్టుకొని తినొచ్చు, ఏస్తె మొలవదు. ఆ సంగతి ఫోన్ల చెప్తె ఆమె నమ్మేటట్టు లేదు. సారు సద్ది మూత పెట్టి లేసిండు. నేను గూడ లేసిన.

మిర్యాలగూడల కోదాడ బస్సు ఎక్కినం. హుజూర్‌నగర్‌ల బస్సు ఆగితె, మూసిన కొట్టుకు "తెరిచి ఉంది" అని అట్టముక్క ఏలాడుతున్నది. నేనే చూయించిన. ఆయన చూడలేదు. గప్పుడు నాకు నిజంగ భయమైంది.

ప్లాంటుల అమ్మ మజ్జిగ ఇస్తున్నా ఆగకుండ డ్రయ్యర్ కాడికి పోయి, కిందికెల్లి పడే వడ్లల్ల చెయ్యి పెట్టి చప్పున తీసుకున్నడు. ఫైలు తెరిచి పేరు మార్చిండు. అంకె మార్చలేదు, ఒక్క పేరే. మంట చప్పుడు ఠక్కున తగ్గింది. అంతే పని.

గప్పుడే ఓనరు ఫోన్. పక్కనున్న నాకు గూడ ఇనపడుతున్నది. "సరిచేసినవా? ఇగ ఏం మాట్లాడకుండ వచ్చెయ్. వడ్ల మీద రాసుంటదా వేడెక్కిందని?"

"ఇంతేనా?" అన్నది అమ్మ. "దీనికోసం ఇంత దూరం పరిగెత్తుకొచ్చారా? ఉండండి, అన్నం తిని వెళ్దురుగాని."

సారు ఫోన్ జేబుల పెట్టుకున్నడు. "అమ్మా, నిన్న ఆరిన వడ్లు ఏడున్నయి?"

"సంచులకెత్తేశాం. రేపు రైతులొచ్చి తీసుకెళ్తారు."

"అవి ఇయ్యకండి."

"ఏమిటీ?"

"జర కూసోండమ్మా. అవి సచ్చిపోయుండొచ్చు."

ఆమె కూసోలేదు. నిలవడే తిట్టింది. "పుస్తకంలో ఉన్నట్టేగా పెట్టాను! పుస్తకం మీదేగా! ఈ రైతులకి ఏం చెప్పమంటారు నన్ను?" పెసరట్టు కోసం గూడ లోకంతోని కొట్లాడే సారు, ఆనాడు ఒక్క మాట ఎదురు చెప్పలేదు. తలొంచుకొని అన్నడు, "పుస్తకం మా కంపెనీది. డ్రైవర్ నాది. తెల్వని పేరు వస్తె మిషన్ ఒక మాట చెప్పాలె. చెప్పకుండ రాసింది నేనే. రెండు పేర్లకు పలికిస్తె నా సొమ్మేం పోతుండెనమ్మా." నాకు ఏడుపొచ్చింది.

ప్రతి కుప్పల కెల్లి పిడికెడు వడ్లు తీసి, తడి గోనెపట్టల చుట్టి నీడకు పెట్టినం. మొలక తేలేదాక సారు కోదాడ ఇడిసి రాలేదు. ప్లాంటు వరండలనే పడుకున్నడు. అమ్మ పూటపూటకు అన్నం పెట్టింది, పూటపూటకు తిట్టింది. "మీరు చెప్పకుండా వెళ్లిపోయుంటే ఎవర్ని తిట్టాలో కూడా నాకు తెలిసేది కాదు. చెప్పారు కాబట్టే తిడుతున్నా, తినండి," అనేది.

పట్టలు ఇప్పిననాడు నేను మళ్ల పోయిన. రైతులొచ్చిన్రు. పేరు మార్చినంక ఆరిన వడ్లు తెల్లగ మొలకేసినయి. నిన్నటివి అని మేము పక్కకు పెట్టినవి ఉబ్బి, వాసన కొట్టుకుంట అట్లనే ఉన్నయి. అవి ఒక అవ్వ వడ్లు. ఆమె గింజలు చేతిలకు తీసుకొని నలిపి చూసింది.

"మొలవయి గదా ఇగ?"

"మొలవయి అవ్వా. నీ వడ్లు మంచిగనే ఉండె. మేమే సంపినం."

"ఏసినంక తెలిస్తె నా మడి ఎండిన కుండోలె ఉంటుండె," అన్నది అవ్వ. "ముందుగాల చెప్పినవ్, మంచిదే బిడ్డా."

అమ్మ ఆమెకు మంచి కుప్పల కెల్లి విత్తనం ఇప్పిచ్చింది. సచ్చిన వడ్లు మిల్లుకు పోయినయి. సారు కండ్లద్దాలు తీసి తుడుసుకున్నడు, మళ్ల తుడుసుకున్నడు, అవి ఎప్పటికీ తెల్లగ కాలేదు.

షెడ్డుకు వచ్చినంక కొత్త డ్రైవర్ రాయ మొదలుపెట్టిండు. కటాఫ్ అన్నా పలుకుతది, మాక్స్ హీట్ అన్నా పలుకుతది. ఒక గొర్రెకు రెండు పేర్లు. నేను నవ్వుతానేమోనని నా దిక్కు చూడనే లేదు. దానికితోడు ఇంకొకటి పెట్టిండు. ఈ రెండూ కాక తెల్వని పేరేదన్న ఫైల్ల కనపడితె మిషన్ నడవది, హారన్ కొట్టుకుంట నిలవడుతది.

ఓనరుకు మండింది. "ఒర్రే మిషన్‌ను ఎవడు కొంటడయ్యా?"

"ఊకునే మిషన్‌ను కొని ఏం జేస్తరు?"

అప్పటికెల్లి ఇద్దరికి మాటల్లేవు. పక్కపక్క గదుల్ల కూసొని "సారుకు చెప్పు," "ఓనరుకు చెప్పు" అని నన్ను తిప్పిన్రు. ఆఖరుకు ఓనరు ఒక్క మెట్టు దిగిండు. ముందుగాల కోదాడల పెట్టు, హారన్ గురించి ఒక్క కంప్లైంట్ వచ్చిందా, దాన్ని తీసేయాలె, ఇంక ఏ మిషన్ల పెట్టొద్దు. సారు సరే అన్నడు. అన్నడు గాని, ఫోన్ మోగినప్పుడల్ల ఉలికిపడేటోడు. గంత పోరాడి తెచ్చుకున్నది ఒక్క ఫోన్‌తోని పోతదని ఆయనకు ఎర్కే.

మళ్ల కోతల కాలమొచ్చింది. కోదాడ నుంచి ఫోనొచ్చింది. ఆమె గొంతు ఇనపడుతలేదు, వెనక ఒకటే మోత.

"ఏవండీ, ఇదేం గోలండీ! మీ మిషన్ పొద్దుటి నుంచి చెవులు చిల్లులు పడేలా అరుస్తోంది. స్టార్ట్ అవ్వనంటోంది. కొత్త కుర్రాడు పక్క మిల్లుకెళ్లి ఏదో ఫైలు తెచ్చి ఎక్కించాడట. వాళ్లది మీ బోర్డు కూడా కాదు!"

సారు లేసి నిలవడ్డడు. "అండ్ల వేడికి ఏం పేరున్నదమ్మా?"

ఆమె చదివింది. కటాఫ్ గాదు, మాక్స్ హీట్ గాదు. మేము ఎన్నడు ఇనని మూడో పేరు. పాత డ్రైవరయితె సప్పుడు చెయ్యకుండ మంట పెంచుకొని, ఆ ఊరి విత్తనమంతా కాల్చుకుంట కూసునేది.

"మిషన్ల వడ్లున్నయా అమ్మా?"

"నిండా ఉన్నాయి. ఒక్క గింజకి వేడి తగిలితే ఒట్టు. ముందు ఈ మోత ఎలా ఆపాలో చెప్పండి!"

"ఆపకండమ్మా! మీ కాళ్లు మొక్కుత, జర ఆపకండి! ఫోన్ మిషన్ కాడ పెట్టండి!"

చెప్పులు గూడ ఏసుకోకుండ ఓనరు గదిలకు ఉరికిండు. అన్ని రోజులు మాట్లాడని మనిషి, అడుగకుండ తలుపు తోసుకొని పోయిండు. లోపల ఓనరు మిషన్ కొననీకొచ్చిన ఎవరో పార్టీతోని మాట్లాడుతున్నడు. సారు ఫోన్ స్పీకర్ల పెట్టి ఆయన ముంగట బల్ల మీద పెట్టిండు. కోదాడల మిషన్ ఒర్రుతుంటె మిర్యాలగూడల రేకులు అదిరినయి.

"ఇగో సారూ, కంప్లైంట్ వచ్చింది," అన్నడు. నవ్వుతున్నడు, కండ్లకెల్లి నీళ్లు కారుతున్నయి. "దానికి తెల్వదట. తెల్వదని చెప్తున్నది!"

ఓనరు పార్టీ దిక్కు చూసిండు, ఫోన్ దిక్కు చూసిండు. తీసేయమని అనలేదు.

"ఆపమంటారా, వద్దా?" ఫోన్లకెల్లి అమ్మ అరుస్తున్నది.

"జరసేపమ్మా," అన్నడు సారు. "ఇంకొక్క జరసేపు ఒర్రనీయండి."